సేద్యపు ఇనుప పనిముట్లకు కలుగు అరుగుదల, తుప్పు, అలసట: వాటికి తగిన రక్షణములు

రైతులకు విజ్ఞప్తి

సేద్యమునకు పశువులు, ఎరువు, విత్తనము ఎంత ముఖ్యములో ఇనుప పనిముట్లును అంత ముఖ్యములు. ఎద్దు మేత మానిన పూటనే దాని జబ్బును కనిపెట్టు రైతు, ఇనుమునకు వచ్చిన జబ్బును అది విరిగి చేతికి వచ్చువరకు కనిపెట్టుట అరుదు. తొలకరి వాన కురిసి నేల పదునెక్కిన పిమ్మట చల్కభూములలో ఆ పదును కొలది దినములు మాత్రమే నిలుచును. ఆ దినములలో గొర్రు కాలు విరిగినను, బండి ఇరుసు తెగినను, మోటారు పంపు కడ్డీ పగిలినను, నష్టము ఆ ఇనుము వెలతో తీరదు. అదను తప్పిపోవును. అదను తప్పిన విత్తనమునకు పిదప ఎంత ఎరువు వేసినను మొదటి ఫలము రాదని ప్రతి కాపునకును తెలిసినదే.

ఇనుప పనిముట్టు చెడిపోవుటకు మూడు కారణములు కలవు. మొదటిది అరుగుదల, రెండవది తుప్పు, మూడవది అలసట. రంగు వేసిన చాలునని కొందరు, ఇనుము మందముగా నుండిన చాలునని మరికొందరు, వెల్డింగు పెట్టించిన చాలునని ఇంకను కొందరు తలంచుచున్నారు. ఒకే మందు ఈ మూడు రోగములకును పనిచేయదు. ఒక రోగమునకు మందైనది మరియొక రోగమునకు విషమగుటయు కలదు. ఏ రోగమునకు ఏ మందు తగునో వివరించుటయే ఈ కరపత్రము యొక్క ఉద్దేశము.

1. ఇనుము నందలి భేదములు

అంగడిలో కడ్డీలుగను, పట్టాలుగను, రేకులుగను దొరకు ఇనుములో హెచ్చుభాగము మెత్తని ఉక్కు. దీనినే మైల్డు స్టీలు అందురు. ఇందు కర్బనము, అనగా బొగ్గునందలి ముఖ్యపదార్థము, నూటికి ఇంచుమించు 0.05 మొదలు 0.25 పాళ్లు మాత్రమే ఉండును. పోత ఇనుమునందు ఇది నూటికి 2 మొదలు 4 పాళ్ల వరకు ఉండును. గట్టి కర్రులకు, కత్తులకు వాడు ఉక్కునందు ఇంచుమించు 0.6 మొదలు 0.9 పాళ్లు ఉండును.

ఈ స్వల్పభేదమే ఇనుము గుణమును మార్చును. మెత్తని ఉక్కు వంగును గాని తటాలున పగులదు; కొలిమిలో సులభముగా సాగును; వెల్డింగునకు లొంగును; వెల తక్కువ. కాని ఎర్రగా కాల్చి నీట ముంచినను ఇది చెప్పుకొనదగినంతగా గట్టిపడదు. గట్టిపడుటకు కావలసిన కర్బనము దానిలో లేదు. మెత్తని ఉక్కు కర్రును కమ్మరి ఎన్నిసార్లు నీటిలో ముంచి పదును పెట్టినను అది త్వరగా మొద్దుబారుటకు కమ్మరి పనితనమున లోపము కారణము కాదు. ఇనుము జాతియే కారణము. హెచ్చు కర్బనము గల ఉక్కు నీట ముంచినచో మిక్కిలి గట్టిపడును గాని, పిదప మరల కొంచెము వేడిచేసి బిగువు తగ్గింపనిచో రాతికి తగిలి పెళుసుగా విరుగును.

కర్బనపు విలువ మన ప్రాంతమువారికి క్రొత్త సంగతి కాదు. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమునందు పూర్వము మూసలలో కరగించి చేసిన ఉక్కు ఈ హెచ్చు కర్బనము గలదే. పర్షియా దేశపు వర్తకులు దానిని కత్తుల కొరకు కొనిపోవుచుండిరి. నైజాము సంస్థానములోని ఈ పరిశ్రమను స్వయముగా చూచి వాయిసీ అను ఆంగ్లేయుడు వ్రాసిన వర్ణనము 1832లో అచ్చయినది.

అంగడిలో ఇనుము జాతి తెలిసికొనుటకు రెండు సులభమైన పరీక్షలు కలవు. సానచక్రమునకు ఆనించినపుడు మెత్తని ఉక్కునుండి నిప్పురవ్వలు పొడవుగా, తిన్నగా, కొలది చీలికలతో వచ్చును. కర్బనము హెచ్చుగా గల ఉక్కునుండి రవ్వలు పువ్వులవలె గుబురుగా చిట్లును. రెండవది, ఆకురాయితో గీచుట. నీరు పట్టిన గట్టి ఉక్కుపై ఆకురాయి జారును. మెత్తని ఉక్కుపై పట్టి రజను రాల్చును.

2. అరుగుదల

కర్రును తినునది మట్టి కాదు, మట్టిలోని ఇసుక. ఇసుకరేణువులలో ప్రధానమైనది పలుగురాయి. గట్టితనమును కొలుచు ఒక కొలత ప్రకారము మెత్తని ఉక్కు ఇంచుమించు 130, నీరు పట్టిన గట్టి ఉక్కు 600కు పైగా, పలుగురాయి 1,000కి పైగా ఉండును. అనగా ప్రతి చాలులోను కర్రు తనకంటె ఎన్నో రెట్లు గట్టివైన సూదిమొనలపై రాపిడి పడుచున్నది. ప్రతి రేణువును ఇనుమును గీచి కంటికి కానరాని తునుకను కొనిపోవును. గట్టి ఉక్కు కర్రును అరుగకపోదు, నిదానముగా అరుగును.

రాతినేలలు చివికి ఏర్పడిన ఎర్రని చల్కలలో పలుగు ఇసుక హెచ్చు. అందుచేత చల్కలో కర్రు త్వరగా అరుగును. నల్లరేగడిలో బంకమట్టి హెచ్చు, ఇసుక తక్కువ. అందు అరుగుదల తక్కువ. అయితే ఎండిన రేగడి గడ్డలు పనిముట్టును బలముగా కుదిపివేయును గనుక అచట మూడవ రోగమగు అలసట హెచ్చును. చల్కరైతు కర్రు మొన కొరకును, రేగడిరైతు కాళ్లు, అతుకుల కొరకును ముందుగా జాగ్రత్తపడవలెను.

అరిగిన ఇనుమెంత? 25 మిల్లీమీటర్ల వెడల్పు, 10 మిల్లీమీటర్ల మందము గల మొన 40 మిల్లీమీటర్ల పొడవున అరిగినదనుకొనుడు. పోయిన ఇనుము 10 ఘన సెంటీమీటర్లు. ఉక్కు ఘన సెంటీమీటరు 7.85 గ్రాములు తూగును గనుక మొత్తము 78.5 గ్రాములు మాత్రమే. తూకమున ఇది స్వల్పము. కాని ఆ కొలది ఇనుముతో కూడ కర్రు యొక్క వాలును, మొనయును పోయినవి. మొన మొద్దుబారిన కర్రు నేలలో దిగదు; దిగుటకు పైనుండి నొక్కవలసివచ్చును; చాలు లోతు తగ్గును; ఎద్దులకు ఈడ్పు, ట్రాక్టరునకు డీజిలు హెచ్చును. అరిగిన కర్రును ఆదా అనుకొని వాడుట ఆదా కాదు.

అరుగుదలకు తగిన మందు గట్టితనము. దానిని నాలుగు విధముల సంపాదింపవచ్చును.

(అ) మొనలకు మాత్రము హెచ్చు కర్బనము గల ఉక్కును గాని, బోరాను కలిపిన ఉక్కును గాని కొనుట. పనిముట్టు చట్రమునకు మెత్తని ఉక్కు చాలును.

(ఆ) మెత్తని ఉక్కు పైపొరకు కర్బనము పట్టించుట. వస్తువును బొగ్గుపొడితో ఇనుప పెట్టెలో నుంచి, మూతకు మట్టి మెత్తి, ఇంచుమించు 900 డిగ్రీల వేడిలో కొన్ని గంటలు ఉంచినచో మిల్లీమీటరునకు అటునిటు లోతు వరకు కర్బనము ఎక్కును. పిదప నీట ముంచగా పైపొర గట్టిపడును. లోపల మెత్తగనే ఉండును. చిన్న మొనలకు, చీలలకు ఇది మంచి పద్ధతి.

(ఇ) గట్టిలోహపు వెల్డింగు. క్రోమియము, కర్బనము హెచ్చుగా గల వెల్డింగు కడ్డీతో మొనపై పలుచని పొర వేయించుట. దీనిని కర్రుకు ఒక ప్రక్క మాత్రమే వేయించిన మేలు. మెత్తని ప్రక్క ముందుగా అరుగుచు గట్టి పొరను ముందుకు నిలుపును గనుక వాదర తనంతట తానే పదునుగా ఉండును.

(ఈ) మార్చి బిగించుట. ట్రాక్టరు గొర్రులకు రెండువైపుల మొన గల కర్రులు దొరకును. ఒక మొన అరిగినపుడు త్రిప్పి బిగించినచో అదే ఇనుము రెండవ కాలమునకు పనికివచ్చును. ట్రాక్టరు చక్రముల జాడలో నడచు కర్రులు అణగిన నేలను దున్నును గనుక ముందుగా అరుగును. వాటిని తక్కిన వాటితో మార్చుచుండవలెను.

3. తుప్పు

ఇనుము, నీరు, గాలి ఈ మూడును కలిసినచోట తుప్పు పుట్టును. మూడింటిలో ఒకటి లేకున్నను పుట్టదు. కండ్లకు నీరు కనబడనక్కర లేదు. గాలిలోని తేమ నూటికి 60 పాళ్లు దాటిన రాత్రులలో ఇనుముపై కానరాని నీటిపొర నిలుచును. తుప్పు తాను తినిన ఇనుముకంటె రెండు రెట్లకు మించిన చోటు ఆక్రమించి గుల్లగా నుండును. ఆ గుల్ల తడిని పీల్చి పట్టుకొని లోపలి ఇనుమును మరల తినును. కావున తుప్పు తుప్పునకు కాపు కాదు.

పశువుల పేడ, మూత్రము, ఉప్పునేల, రసాయనపు ఎరువులు తుప్పును మిక్కిలి త్వరితపరచును. అమ్మోనియం సల్ఫేటు, మ్యూరియేటు ఆఫ్ పొటాషు వంటి ఉప్పులు గాలి తేమను పీల్చి ఇనుముపై ఉప్పునీరుగా నిలుచును. ఎరువు వేయు గొర్రు పెట్టెను పని ముగిసిన సాయంకాలమే కడిగి ఆరబెట్టవలెను. కొట్టములో పశువుల ప్రక్క నాగళ్లు నిలుపుట మంచిది కాదు.

తుప్పునకు మందు పూత. దీనిని అయిదవ ప్రకరణమున వివరింతుము.

4. అలసట

ఇది మూడింటిలో తక్కువగా తెలిసినదియు, ఎక్కువ ప్రమాదకరమైనదియు. కంచెకు కట్టు తీగను చేతులతో ఈడ్చి తెంపజాలము. దానినే ఒకచోట పది పదునైదు మారులు అటు నిటు వంచినచో తెగిపోవును. బలమునకు లొంగని ఇనుము మరల మరల వచ్చు బలమునకు లొంగుటయే అలసట. తీగ కండ్లముందు వంగుచున్నది. ఇరుసు, గొర్రు కాలు, పంపు కడ్డీ వంగినట్లు కనబడకయే లక్షలమారులు కొంచెము కొంచెముగా వంగి అలసిపోవును.

ఈ సంగతిని మొదట శోధించినవారు యూరపులోని రైలుమార్గపు ఇంజనీర్లు. 1842 మే 8వ తేదీన ఫ్రాన్సుదేశమున వెర్సాయి నుండి పారిసు పోవు రైలుబండి ఇంజను ఇరుసు విరిగి, బండ్లు ఒకదానిపై నొకటి ఎక్కి అంటుకొనగా ఏబదిమందికి పైగా మరణించిరి. మరుసటి సంవత్సరము, అనగా 1843లో, రాంకిన్ అను స్కాట్లండు ఇంజనీరు విరిగిన ఇరుసులను పరిశీలించి, బీట ఇరుసు మెడవద్ద చిన్నదిగా పుట్టి క్రమముగా చుట్టును వ్యాపించుననియు, మెడను నిలువుగా కోయక గుండ్రముగా వాల్చవలెననియు తెలిపెను. పిదప జర్మనీ దేశపు రైలుమార్గములలో పనిచేసిన ఆగస్టు వోలర్ ఇరుసులను యంత్రములపై లక్షలమారులు త్రిప్పి పరీక్షించెను. 1870 నాటికి ఆయన తేల్చిన సిద్ధాంతము నేటికిని ప్రమాణము: ఉక్కును విరుచునది ఒక్క పెద్దబరువే కాదు, అంతకంటె మిక్కిలి తక్కువ బరువైనను మరల మరల వచ్చినచో విరుచును, అయితే ఒక హద్దుకంటె తక్కువైన బరువు ఎన్ని మారులు వచ్చినను ఉక్కును విరువజాలదు.

ఈ హద్దు మెత్తని ఉక్కునకెంత? చదరపు మిల్లీమీటరునకు ఇంచుమించు 40 కిలోగ్రాముల ఈడ్పునకు తెగు ఉక్కునకు అలసట హద్దు అందు సుమారు సగము, అనగా 20 కిలోగ్రాములు. కాని ఇది అద్దమువలె నునుపు చేసిన పొడి ఉక్కునకు చెప్పిన లెక్క. పొలములోని ఇనుమునకు ఈ హద్దును తగ్గించునవి నాలుగు కలవు.

మొదటిది, రంధ్రములు, కోసిన మూలలు. పట్టాలో ఒక గుండ్రని రంధ్రమున్నచో దాని అంచున ఒత్తిడి తక్కినచోటికంటె మూడు రెట్లుండును. దీనిని కిర్షు అను జర్మను పండితుడు 1898లో లెక్కగట్టెను. వాడియైన మూలవద్దను, బీట కొనవద్దను ఇది ఇంకను హెచ్చును. కావున బోల్టు రంధ్రములను అక్కరలేనిచోట వేయింపరాదు. వేయించినవాటి అంచులను నునుపు చేయింపవలెను.

రెండవది, తుప్పు గుంటలు. ప్రతి గుంటయు ఒక చిన్న రంధ్రమువంటిదే. తడిలో పనిచేయు ఇనుమునకైతే అలసట హద్దు అనునదియే ఉండదు. పొడిగా నుండిన ఎన్నటికిని విరుగని బరువు క్రిందనే తడిసి తుప్పుపట్టుచు పనిచేయు ఇనుము ఒకనాటికి విరుగును. తుప్పు ఇనుమును తినుటవలన కలుగు నష్టముకంటె అలసటకు ద్వారము తెరచుటవలన కలుగు నష్టమే పెద్దది.

మూడవది, అరుగుదల. గుండ్రని ఇరుసు యొక్క వంపుబలము దాని అడ్డుకొలత యొక్క ఘనమును అనుసరించును. 40 మిల్లీమీటర్ల ఇరుసు అరిగి 36 మిల్లీమీటర్లైనచో అరిగినది పదవవంతు మాత్రమే. కాని బలము నూటికి 27 పాళ్లు తగ్గును. అదే బరువునకు దానిపై ఒత్తిడి నూటికి 37 పాళ్లు హెచ్చును.

నాల్గవది, వెల్డింగు అతుకులు. అతుకు అంచున చిన్న గాట్లు, కాలిన పొర, చల్లారునపుడు లోపల నిలిచిపోవు ఈడ్పు ఉండును. అలసటబీటలలో అనేకములు ఈ అంచుననే పుట్టును.

ఎన్ని మారులు అను దానికి ఒక లెక్క. నిమిషమునకు 1,440 చుట్లు తిరుగు మోటారు గంటకు 86,400 చుట్లు తిరుగును. దానికి బెల్టు తగిలించినచో బెల్టు ఈడ్పు కడ్డీని ఒకవైపు వంచును; కడ్డీ తిరుగుచున్నందున ప్రతి చుట్టునకును ఆ వంపు ఒకమారు మారి వచ్చును. పండ్రెండు గంటలలో పదిలక్షల మారులు దాటును. బెల్టును అక్కరకు మించి బిగించుట వలనను, మోటారును పంపుతో వరుస తప్పి బిగించుట వలనను కడ్డీలు విరుగుటకు కారణమిదియే.

విరిగిన ముఖమును చూచి కారణము తెలిసికొనవచ్చును. అలసటచే విరిగిన ఇనుములో ఒకవైపు నునుపుగా, ఆల్చిప్పపై గీతలవంటి వంపుగీతలతో నుండును. ఆ గీతలన్నియు ఒక బిందువును చుట్టియుండును. ఆ బిందువే బీట పుట్టినచోటు. నునుపుచోటు తరచుగా తుప్పుతో నల్లబడియుండును. మిగిలిన భాగము గరుకుగా, క్రొత్తగా మెరయుచుండును. అది కడపటి దెబ్బకు తెగినది. ఈ గరుకును చూచి ఇనుము పలుకుబారి చెడినదని కొందరు చెప్పుదురు. ఇనుము మారలేదు, బీట చాలకాలముగా లోపల పెరుగుచుండెను. నునుపు భాగము పెద్దదైనచో బరువు స్వల్పమనియు, బీటను ఎంతోకాలము ఉపేక్షించితిమనియు తెలిసికొనవలెను. విరిగిన ముక్కను పారవేయక ఈ విధముగా చూచినగాని క్రొత్తది బిగింపరాదు. బీట పుట్టుటకు కారణమైన గాటు, వదులు బోల్టు, వరుస తప్పుట అట్లే యుండిన క్రొత్త ఇనుమును అదేచోట విరుగును.

5. పూతలు: ఏది ఎచ్చట తగును

రంగు. చట్రములు, బండి ఇనుములు, పెట్టెలు మొదలగు నేలకు రాయనిచోట్లకు రంగు తగును. తుప్పుమీద వేసిన రంగు తుప్పును కప్పునే గాని ఆపదు. తీగబ్రష్షుతోను గరుకుకాగితముతోను తుప్పును మెరుగు వచ్చువరకు గీకి, జిడ్డును కిరసనాయిలుతో తుడిచి, సబ్బునీట కడిగి పూర్తిగా ఆరనిచ్చి, అస్తరు ఒక పూత, పై రంగు రెండు పూతలు వేయవలెను. ప్రతి పూతయు ఆరిన పిమ్మటనే తరువాతిది. మూలలవద్దను, బోల్టుల చుట్టును రంగు పలుచగా నిలుచును గనుక అచట ముందుగా ఒకమారు చేతితో అదనముగా పూయవలెను. వానదినములలో ఈ పని చేయరాదు. పూర్వము అస్తరుగా సీసపు సింధూరమును విశేషముగా వాడిరి. సీసము విషము. ఇండ్లకు వాడు రంగులలో సీసము పదిలక్షలలో 90 భాగములు మించరాదని 2016లో భారత ప్రభుత్వము నిబంధన చేసినది. పాత రంగు గీకునపుడు ఆ ధూళి పిల్లలకును పశువుల మేతకును తగులకుండ జాగ్రత్తపడవలెను.

జింకు పూత. కరగిన జింకులో ముంచి తీసిన ఇనుమునకు రెండువిధముల రక్షణ కలుగును. జింకు గాలిని, నీటిని అడ్డగించును. గీత పడి ఇనుము బయటపడినను జింకే ముందుగా తనను అర్పించుకొని ఇనుమును కాపాడును. రంగునకు ఈ గుణము లేదు. ఈ పద్ధతికి 1837లో ఫ్రాన్సున సోరెల్ అనువాడు పేటెంటు పొందెను. మందపు ఇనుముపై చదరపు మీటరునకు 610 గ్రాముల జింకు వేసినచో పొర మందము ఇంచుమించు 85 మైక్రానులు, అనగా మిల్లీమీటరులో పన్నెండవవంతు. నీటిగొట్టములు, కంచెతీగలు, నీటితొట్లకు ఇది శ్రేష్ఠము. ఆమ్లగుణము గల ఎరువుల ద్రావణములు జింకును తినును. జింకు పూసిన ఇనుమును వెల్డింగు చేయునపుడు వచ్చు తెల్లని పొగ జ్వరము కలిగించును గనుక పూతను అచట గీకివేసి, గాలి వీచుచోట చేయింపవలెను.

నూనె, గ్రీజు. కర్రు, గుంటక పాస, పార మొదలగువాని మెరయు ముఖములకు రంగు వ్యర్థము. మొదటి చాళ్లలోనే రాలిపోవును. వీటికి పని లేని కాలమున నూనెయో గ్రీజో తగిన పూత. ఆముదమైనను పనికివచ్చును. ఇంజనులనుండి తీసిన నల్లనూనెను పూయరాదు. అది చర్మమునకును నేలకును హాని. ఇరుసునకు, గిలకలకు ఆముదమున గడ్డిమసి కలిపిన కందెన మన పెద్దలు వాడినదే. క్రొత్త కందెన వేయుటకు ముందు పాతదానిని తుడిచివేయవలెను. ఇసుక కలిసిన పాత కందెన సానరాయివలె ఇరుసును అరుగదీయును.

గట్టిలోహపు వెల్డింగు. అరుగుదలకు ఇది మంచి మందని పైన చెప్పితిమి. కాని ఇరుసు, పంపు కడ్డీ, గొర్రు కాలు, ట్రాలీ కొక్కెము వంటి వంగు భాగములకు ఇది విషము. ఆ గట్టి పొర చల్లారునపుడే సన్నని పగుళ్లు పట్టును. ఆ పగుళ్లు అలసటకు నాందియగును. ఇరుసు అరిగినచో వెల్డింగుతో నింపించుట మాని క్రొత్తది వేయించుటయే క్షేమము. మెరుగు కొరకు వేయు గట్టి క్రోమియపు పూతయు అలసట బలమును తగ్గించును.

సారాంశమేమనగా, తుప్పునకు పూత, అరుగుదలకు గట్టితనము, అలసటకు నునుపైన ఆకారము, చాలినంత మందము, పొడిదనము. పూత అలసటకు ఉపకరించునది తుప్పు గుంటలను ఆపినంతవరకు మాత్రమే.

6. బీటను ముందుగా కనిపెట్టు పరీక్షలు

ఇందుకు యంత్రములక్కర లేదు. రైలు కర్మాగారములలో పూర్వము వాడిన సులభపద్ధతులే చాలును.

సుద్దపరీక్ష. అనుమానముగల చోటును మెరుగు వచ్చునట్లు గీకి, కిరసనాయిలు ధారాళముగా పూసి అరగంట ఉంచవలెను. పిదప పొడిగుడ్డతో బాగుగా తుడిచి, సుద్దపొడిని పలుచగా అద్దవలెను. పనిముట్టును సుత్తితో మెల్లగా తట్టినచో బీటలో దాగిన కిరసనాయిలు పైకివచ్చి తెల్లని సుద్దపై సన్నని తడిగీత కనబడును.

మ్రోతపరీక్ష. కడ్డీని త్రాట వ్రేలాడదీసి సుత్తితో తట్టవలెను. బీట లేని ఇనుము గంటవలె మ్రోగును. బీటగలది బొంగురుగా పలుకును. చిన్న బీటలను ఈ పరీక్ష పట్టజాలదు గనుక సుద్దపరీక్షను మానరాదు.

చూడవలసిన చోట్లు ఇవి: గొర్రు కాలు చట్రమున దూరుచోటు, బోల్టు రంధ్రముల అంచులు, ఇరుసు మెడ, ట్రాలీ కొక్కెము, దాని వెల్డింగు అంచులు, పంపు కడ్డీపై తాళపు గాడి. రంగుపై గీతవలె ఎర్రని తుప్పుధార కనబడిన, అది తరచుగా బీటనుండి కారినదే.

బీట కనబడిన ఇరుసును, కొక్కెమును మరునాటికని ఉంచక అప్పుడే విడదీయవలెను. కూలీలతో నిండిన ట్రాలీ కొక్కెము చెరువుకట్టపై తెగినచో కలుగు ఆపద పనిముట్టు నష్టముతో పోల్చదగినది కాదు. మెత్తని ఉక్కు చట్రమున బీటయైనచో, దానిని చివరివరకు పూర్తిగా కోసి తీసివేసి, పిదప వెల్డింగు నింపి, పైన పట్టా వేయింపవచ్చును. బీటపైననే వెల్డింగు పూయించుట పుండుపై గుడ్డ కట్టుటవంటిది. లోపల బీట పెరుగుచునే యుండును. పొలములో చట్రమునకు బీట కనబడి పని ఆపరానిదైనచో బీట కొనవద్ద చిన్న గుండ్రని రంధ్రము వేయించిన అది కొంతకాలము నిలుచును. ఇది ఆ పూటకే గాని శాశ్వతము కాదు.

7. సంవత్సరపు క్రమము

వేసవిలో: పనిముట్లను విప్పి, గీకి, సుద్దపరీక్ష చేయవలెను. రంగు వేయుటకు ఎండకాలమే తగినది. కర్రులను, పాసలను కమ్మరిచే సరిచేయించి, తొలకరికి పూర్వమే ఒక జత కర్రులు, బోల్టులు, చీలలు అదనముగా ఇంట నుంచవలెను.

పని దినములలో: ప్రతి ఉదయము బోల్టులను బిగింపవలెను. వదులైన బోల్టు ప్రతి కుదుపును దెబ్బగా మార్చును. ప్రతి సాయంకాలము మట్టిని తుడిచి, మెరయు ముఖములకు నూనె అద్దవలెను.

పని ముగిసిన పిమ్మట: కడిగి, ఎండబెట్టి, గ్రీజు పూసి, నేలపై కాక కొయ్యలపై గాని రాళ్లపై గాని కప్పుక్రింద నుంచవలెను.

ఒక చిన్న పుస్తకమున కర్రు కొన్న తేదీని, అప్పటి పొడవును, దున్నిన ఎకరములను, పంట ముగిసిన పిమ్మటి పొడవును వ్రాసి యుంచవలెను. రెండు సంవత్సరముల లెక్క చేతనున్న రైతు, వెల తక్కువ కర్రు చవకయో, వెల హెచ్చు కర్రు చవకయో అంగడివాని మాటపై గాక తన భూమి చెప్పిన సాక్ష్యముపై నిర్ణయింపగలడు.

జ్ఞాపకముంచుకొనవలసిన అంశములు

1. నేలను తాకు మొనకు గట్టి ఉక్కు. బరువు మోయు చట్రమునకు మెత్తని ఉక్కు.
2. మెత్తని ఉక్కు నీట ముంచినను గట్టిపడదు.
3. కర్రుకు నూనె, చట్రమునకు రంగు, నీటిగొట్టమునకు జింకు.
4. వంగు భాగములపై గట్టిలోహపు వెల్డింగు వేయింపరాదు.
5. ఇరుసు పదవవంతు అరిగిన, బలము నాల్గవవంతునకు మించి పోవును.
6. విరిగిన ముక్క ముఖమును చూడక క్రొత్తది బిగింపరాదు.
7. బీటను వేసవిలో వెదకవలెను. తొలకరిలో అది తానే కనబడును, కాని అప్పటికి అదను దాటును.